విద్యార్థుల్లో ఆందోళన, విద్యార్థుల ఆందోళన

పత్రికలో చేరిన మొదటి నెలలోనే మా డెస్క్ ఇన్‌చార్జి నాతో ఒక శీర్షిక మూడుసార్లు తిరగరాయించారు. మినుముకి పల్లాకు తెగులు సోకింది, రైతులు దిగులు పడుతున్నారు, అదీ వార్త. నేను 'మినుము రైతుల ఆందోళన' అని పెట్టాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, "ఎక్కడ చేశారు బాబూ? ఆర్డీఓ ఆఫీసు దగ్గరా, నడిరోడ్డు మీదా?" అన్నారు. ఎక్కడా చెయ్యలేదండీ, ఇళ్ళ దగ్గరే ఉన్నారు అన్నాను. "మరి 'ల' ఎందుకొచ్చింది? 'ల్లో' పెట్టు. 'ల్లో' అంటే కడుపులో ఉన్నట్టు. 'ల' అంటే రోడ్డెక్కినట్టు."

డెస్క్ మీద పదమూడేళ్ళు గడిపాను. నేర్చుకున్నవాటిలో చాలా మర్చిపోయాను కానీ ఇది మాత్రం పోలేదు. ఆందోళన అంటే సంస్కృతంలో ఊగడం. ఊయలకి సంస్కృతంలో ఉన్న 'డోల' కూడా ఆ కుదురులోదే. మనసులో గుబులుకీ, కలెక్టరేట్ ముందు ధర్నాకీ మనం ఒకటే మాట వాడేస్తాం. ఇంగ్లీషులో రెంటికీ వేరే వేరే మాటలున్నాయి. శాఖలూ వేరే. ఒకదాన్ని డాక్టరు చూస్తాడు, ఇంకోదాన్ని పోలీసు చూస్తాడు.

ఈమధ్య 'క్లైమేట్ యాంగ్జయిటీ' అన్న మాట ఎక్కడ చదివినా నాకు ఆయన కళ్ళజోడే గుర్తొస్తోంది. కుర్రకారు భూమి వేడెక్కిపోతోందని నిద్రపోవడం లేదు, వాళ్ళకి ధైర్యం చెప్పండి అని ఒక రకం వ్యాసాలు. ఆ భయమే వాళ్ళని రోడ్డు మీదకి తెస్తోంది, భలే అని ఇంకో రకం. నాకు రెండూ సగం సగమే అనిపిస్తాయి. 'ల్లో' దానంతట అది 'ల' అయిపోదు. మధ్యలో ఏదో జరగాలి. అదేంటో మా ఇంట్లోనే కాస్త చూశాను కాబట్టి రాస్తున్నాను.

మా అక్క కూతురు 2022లో ఇంజినీరింగ్‌కి కాకినాడ నుంచి హైదరాబాదు వచ్చింది. హాస్టల్ తిండి పడక రెండో ఏడాది నుంచి చందానగర్‌లో మా ఇంట్లోనే ఉంటోంది. చురుకైన పిల్ల. నోరు కూడా కాస్త ఎక్కువే. 2024 మే నెలాఖర్లో ఓ రాత్రి రెండింటికి మంచినీళ్ళకని లేస్తే, హాల్లో ఫ్యాను కింద సెల్‌ఫోన్ వెలుతుర్లో కూర్చుని కనిపించింది.

"ఏమే, పరీక్షలా?"

"కాదు మావయ్యా. ఢిల్లీలో 52.9 అంట."

ముంగేశ్‌పూర్ అనే చోట ఆ రోజు నమోదైన అంకె అది. రెండు మూడు రోజులకి వాతావరణ శాఖ వాళ్ళు అక్కడి సెన్సర్ మూడు డిగ్రీలు ఎక్కువ చూపించిందని తేల్చారు. ఆ సంగతి సంబరంగా తనకి చెప్పాను. "అయితే 49.9 కదా. దానికి నిద్ర పట్టాలా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఏడాదంతా ఇంట్లో ఇదే వరస. ఏసీ వేస్తే తప్పు, వెయ్యకపోతే ఉక్క. ఆన్‌లైన్లో చీర కొన్నందుకు మా ఆవిడ మీద అలక. నేను పిల్లల్ని కనను అని ఓసారి ఫోన్లో వాళ్ళమ్మతో అనేసింది. మా అక్క "ముందు సప్లీ పాసవ్వమను, తర్వాత చూద్దాం" అని పెట్టేసింది. అందరం నవ్వాం. పిల్ల నవ్వలేదు.

ఇది మా ఇంటి వింతేం కాదు. 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో ఒక సర్వే వచ్చింది. మన దేశంతో కలిపి 10 దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ళ వాళ్ళని 10,000 మందిని అడిగారు. వాతావరణ మార్పు గురించి చాలా దిగులుగా ఉందనో, విపరీతమైన దిగులుగా ఉందనో చెప్పినవాళ్ళు 59 శాతం. ఆ దిగులు రోజువారీ బతుకు మీద పడుతోందన్నవాళ్ళు 45 శాతం. భవిష్యత్తు తలుచుకుంటే భయమేస్తోందన్నవాళ్ళు 75 శాతం. ఈ అంకెలు పత్రికలన్నిట్లో వచ్చాయి. అంతగా పైకి రానిది ఇంకోటుంది. తమ ప్రభుత్వం చెయ్యాల్సింది చెయ్యడం లేదు, తమకి ద్రోహం చేస్తోంది అనుకునేవాళ్ళలోనే ఈ దిగులు ఎక్కువట. అంటే వాళ్ళకి భయం వానల మీదా ఎండల మీదా మాత్రమే కాదు. పెద్దవాళ్ళ మీద నమ్మకం పోయిందన్నమాట. నమ్మకం పోయినవాడికి శ్వాస మీద ధ్యాస పెట్టమని చెప్తే ఏం లాభం?

ఆ సలహా నిజంగానే ఇచ్చారు లెండి. వాళ్ళ కాలేజీలో ఒక కౌన్సెలర్ ఉంది. మావాళ్ళ పిల్ల రెండుసార్లు వెళ్ళింది. ఆవిడ మంచిదే, ఓపిగ్గా విన్నదట. విని, వార్తలు చూడ్డం తగ్గించమందట, ఓ మొక్క పెంచుకోమందట. ఇప్పటికీ మా బాల్కనీలో ఆ మనీ ప్లాంటు ఉంది. దానికి నీళ్ళు పోసేది నేను.

మా పెద్దమ్మది ఇంకో మందు. "మీరేం చూశారే? 77లో దివిసీమ ఉప్పెనప్పుడు శవాలు తుమ్మచెట్లకి వేలాడాయి. మేం బతకలేదూ?" అంటుంది. 1977 నవంబరు 19. పది వేల మంది పోయారంటారు, అంతకంటే ఎక్కువే అంటారు. ఆవిడ మాటని కొట్టిపారెయ్యను. అయితే ఉప్పెన వచ్చింది, పోయింది, ఏడ్చారు, మళ్ళీ నాట్లు వేశారు. పిల్ల భయం అలాంటిది కాదు. అది వచ్చి పోయేది కాదు, ఏటా ఓ మెట్టు ఎక్కేది. జరిగిపోయినదాన్ని తట్టుకున్న ధైర్యం, జరగబోయేదానికి అరువిచ్చినట్టు ఇచ్చేస్తే చెల్లుతుందా?

ఆ మాటకొస్తే మేం మాత్రం ఏం చూశాం. 2015 మేలో నేను డెస్క్ మీదే ఉన్నాను. వడదెబ్బ మృతుల పట్టిక ఎడిషన్ ఎడిషన్‌కీ మార్చేవాళ్ళం. జిల్లా పేరు, పక్కన అంకె. రాత్రి పదకొండుకి ప్రకాశంలో ఇన్ని, నల్గొండలో ఇన్ని. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు రెండు వేల మంది పోయిన నెల అది. ఎక్కువమంది ఎండలో పనికెళ్ళినవాళ్ళు, ముసలివాళ్ళు. పేజీ పంపేశాక డెస్కంతా కలిసి మిర్చి బజ్జీలు తినేవాళ్ళం. ఆ నెలలో ఒక్కరోజు కూడా నాకు నిద్ర చెడలేదు. ఆ లెక్కన జబ్బు ఎవరిది అని ఇప్పుడు అనుమానం వస్తుంది.

తెలుగులో 'బెంగ' అని ఇంకో మాటుంది. బెంగకి ఎప్పుడూ ఒక మనిషో, ఊరో, ఇల్లో ఉండాలి. పిల్లాడు బెంగ పెట్టుకున్నాడంటే వెంటనే అడుగుతాం, ఎవరి మీద అని. అమ్మ మీద, అమ్మమ్మ మీద, ఊరి మీద. గుబులుకి ఆ అడ్రసు అక్కర్లేదు, ఊరికే పుడుతుంది. మా పిల్లకున్నది ఆ ఏడాదంతా గుబులే. దేని గురించే అంటే 'అన్నిటి గురించీ' అనేది. గ్రీన్‌లాండ్ మంచు, అమెజాన్ మంటలు, ఢిల్లీ సెన్సరు, అన్నీ ఒకే రీల్ మీద ఒకదాని వెనక ఒకటి. అన్నిటి గురించీ భయపడేవాడు ఏ ఆఫీసుకని వెళ్తాడు?

ఇక్కడ గ్రెటా థున్‌బెర్గ్ గురించి ఒక మాట. 2018 ఆగస్టులో స్వీడన్ పార్లమెంటు ముందు ఒక్కతే కూర్చున్న పిల్ల, 2019 జనవరికల్లా దావోస్‌లో ప్రపంచ ధనవంతుల ముందు నిలబడి, మీరు హడలిపోవాలి, నాకు రోజూ వేసే భయం మీకూ వెయ్యాలి అంది. చెప్పాల్సినవాళ్ళకే చెప్పింది. ఆ గదిలో కూర్చున్నవాళ్ళు హడలితే బొగ్గు గనులాగుతాయి. తీరా వాళ్ళు చప్పట్లు కొట్టి భోజనాలకి వెళ్ళారు. హడలింది ఎవరు? ఫోన్లో ఆ వీడియో చూసిన పదిహేనేళ్ళ పిల్లలు. చేతిలో అధికారం ఉన్నవాళ్ళకి పంపిన ఉత్తరం ఏమీ లేనివాళ్ళ ఇంటికి చేరింది.

ఇక 2025 ఉగాది.

ఆ ఏడు ఉగాది మార్చి 30, ఆదివారం. మా ఆవిడ పచ్చడి కలుపుతుంటే వేపపువ్వు తక్కువైందని ఏదో వాదన నడుస్తోంది. ఈలోగా పిల్ల ఫోను మోగింది. సెంట్రల్ యూనివర్సిటీలో చదివే స్నేహితురాలు. కంచ గచ్చిబౌలిలోకి పొక్లెయిన్లు దిగాయి, పోలీసులున్నారు, అడ్డుకున్నవాళ్ళని వ్యాన్లు ఎక్కిస్తున్నారు అని. మా ఇంటికి ఆ గేటు ఎంతో దూరం లేదు.

ఆ 400 ఎకరాల గొడవ తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. కంచ అంటే తెలంగాణలో పశువులు మేసే జాగ. యూనివర్సిటీకి ఆనుకుని, నిజానికి దాంట్లోనే కలిసిపోయినట్టుండే రాళ్ళ నేల, పొదలు, చెరువులు. ఒకప్పుడు ఒక క్రీడా సంస్థకి కేటాయించి, 2006లో రద్దు చేశారు. కోర్టుల్లో నలిగి నలిగి 2024లో ప్రభుత్వానికి దక్కింది. భూమి మాది, ఐటీకి వేలం వేస్తాం అని ప్రభుత్వం. కాయితాల మీద ఎవరిదైనా కావచ్చు, అక్కడ నెమళ్ళున్నాయి, జింకలున్నాయి, నక్షత్ర తాబేళ్ళున్నాయి, అది అడవే అని విద్యార్థులు. సెలవులు చూసుకుని యంత్రాలు దింపారు. రాత్రిళ్ళు కూడా లైట్లు పెట్టి పని నడిచింది. చీకట్లో నెమళ్ళు అరుస్తున్న వీడియో ఒకటి ఊరంతా తిరిగింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని, చెట్టు మీద చెయ్యి వెయ్యొద్దని ఆపేసింది. అప్పటికే సుమారు 100 ఎకరాలు చదునైపోయాయని కోర్టు ముందుకి వచ్చిన నివేదిక.

మా పిల్ల సోమవారం వెళ్ళింది. మంగళవారం వెళ్ళింది. నేనూ ఒకరోజు తనని దింపడానికని వెళ్ళి గంటసేపు నిలబడ్డాను. నాకు గుర్తున్నది నినాదాలు కాదు. గేటు పక్కన ఒక కుర్రాడు అట్టముక్క మీద పేర్లు రాస్తున్నాడు. చెట్ల పేర్లు, పిట్టల పేర్లు. ఒక్కొక్కరూ వచ్చి తమకి తెలిసింది చెప్తున్నారు. పాలమూరు వైపు నుంచొచ్చిన ఒకమ్మాయి 'మోదుగ' అంది. ఇంకొకడు ఇంగ్లీషు పేరేదో చెప్పాడు, దాన్ని తెలుగులో ఏమంటారని అందరూ నా మొహం చూశారు. పెద్దవాణ్ణి కదా. నాకు తెలియదు. పక్కన టీ అమ్మే ఆయన "బుడుబుంగ కాదా సార్ అది, నీళ్ళల్ల మునిగి లేస్తది" అన్నాడు. రాసుకున్నారు.

ఆ వారం మా పిల్ల నిద్రపోయింది. ఇది నేను గమనించింది కాదు, మా ఆవిడ చెప్పింది. గొంతు బొంగురుపోయి, చెప్పులు తెగి, రాత్రి తొమ్మిదింటికి వచ్చి, గిన్నెడు పెరుగన్నం తిని, దిండు మీద తల పెట్టిందే తడవు పడుకునేది. ప్రపంచం ఆ వారంలో ఏమీ చల్లబడలేదు. మరి ఏం మారింది?

దీని మీద అమెరికాలో 2022లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. సఫోక్, యేల్ విశ్వవిద్యాలయాల వాళ్ళు మూడు వందల లోపు యువ విద్యార్థులని అడిగి చేసింది. వాతావరణ భయం ఎక్కువున్నవాళ్ళలో కుంగుబాటు లక్షణాలూ ఎక్కువే కనిపించాయి. అయితే నలుగురితో కలిసి ఏదో ఒక పోరాటంలో ఉన్నవాళ్ళలో ఆ లంకె సడలింది. ఒంటరిగా తన మటుకు తాను ప్లాస్టిక్ మానేసి, లైట్లు ఆర్పేసి సరిపెట్టుకున్నవాళ్ళలో ఆ తేడా కనిపించలేదు. చిన్న అధ్యయనమే, అమెరికా పిల్లల మీద చేసిందే. దాని మీద మేడలు కట్టను. కానీ మా హాల్లో నేను చూసింది కూడా అదే. మనీ ప్లాంటు చెయ్యలేని పని అట్టముక్క చేసింది.

ఆ వేడి ఇంకా చల్లారకముందే, ఏప్రిల్ 12న వనజీవి రామయ్య గారు పోయారు. ఖమ్మం దగ్గర రెడ్డిపల్లి మనిషి, కోటికి పైగా మొక్కలు నాటారని పేరు, 2017లో పద్మశ్రీ. 'వృక్షో రక్షతి రక్షితః' అన్న బోర్డు తలకి తగిలించుకుని తిరిగిన మనిషి. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు నిండా ఆయన ఫొటోలు. కింద ఒక బాబాయి గారు రాశారు, 'అరిచి గోల చెయ్యడం కాదు, ఈయన్ని చూసి నేర్చుకోండి' అని. ఎవరికి తగలాలని రాశారో వాళ్ళకి తగిలింది. పిల్ల జవాబు టైపు చేసింది, చెరిపేసింది. వంటింట్లోకొచ్చి నాతో అంది, "ఆయన జీవితమంతా నాటాడు మావయ్యా. ఇక్కడ వంద ఎకరాలు పోవడానికి వారం కూడా పట్టలేదు. మరి ఎవరికి చెప్పాలి, నాటేవాడికా, నరికేవాడికా?"

రామయ్య గారిని చూపించి పిల్లల నోరు మూయించడం ఆయనకి కూడా అవమానమే అంటాను. మొక్క నాటమని చెప్పడంలో పెద్దవాళ్ళకి ఒక సుఖం ఉంది. ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు. గుంత తవ్వి, ఫొటో దిగి, కారెక్కెయ్యొచ్చు.

ఇంతవరకు చదివి నేను కుర్రకారు భక్తుణ్ణి అనుకుంటారేమో. కాదు. కోర్టు స్టే వచ్చిన మర్నాటి నుంచి ఆ గేటు దగ్గర జనం పల్చబడడం కూడా చూశాను. రీళ్ళు తగ్గాయి, కొత్త సినిమా టీజర్ వచ్చింది. మధ్యలో ఏఐతో చేసిన దొంగబొమ్మలు కలిశాయి. జింకలు ఏడుస్తున్నట్టు, నెమళ్ళు యంత్రాల ముందు పరిగెత్తుతున్నట్టు. దాంతో నిజం ఫొటోలు కూడా అబద్ధం అనడానికి అవతలివాళ్ళకి వీలు చిక్కింది. భయంతో నడిచేవాడికి ఇంకా భయపెట్టే బొమ్మ కావాలి, అది నిజమో కాదో చూసే తీరిక ఉండదు. పైగా ఈ పోరాటానికి అన్నీ కలిసొచ్చాయి. ఐటీ కారిడార్ పక్కన, కెమెరాలున్న చోట, ఇంగ్లీషు వచ్చిన పిల్లలు. అలాంటివేమీ లేని చోట ఏమవుతుంది?

అది అడగాలంటే ఉప్పాడ వెళ్ళాలి. మా అమ్మ పుట్టిల్లు ఉప్పాడ. 'పుట్టిల్లు' అన్నానే గానీ ఇల్లు లేదు. నాకు ఊహ తెలిసేనాటికి మా అమ్మమ్మ ఇంటికీ సముద్రానికీ మధ్య రెండు వీధులు, ఒక కొబ్బరితోట. నేను ఇంటర్‌లో ఉండగా తోట పోయింది. డిగ్రీలో ఉండగా ముందు వీధి. తర్వాత ఓ తుపానులో మా వసారా. వాళ్ళు దాన్ని వాతావరణ మార్పు అనరు. 'కోత' అంటారు. "ఈ ఏడు కోత ఎక్కువుంది" అంటారు, వరి గురించి మాట్లాడినట్టే. బీచ్ రోడ్డు తుపానుకి తెగుతుంది, మళ్ళీ వేస్తారు, మళ్ళీ తెగుతుంది. పెద్ద పెద్ద గొట్టాల్లాంటి సంచుల్లో ఇసుక నింపి జియో ట్యూబ్ గోడ కట్టారు. సముద్రం దాన్నీ చీల్చింది.

2025 అక్టోబరు ఆఖర్లో మొంథా తుపాను కాకినాడ జిల్లాని వణికించాక, పిల్లా నేనూ కలిసి వెళ్ళాం. ఒడ్డున జనం బారులు తీరి కూర్చుని ఉన్నారు. ఆడవాళ్ళు, పిల్లలు. దువ్వెనలతో, పుల్లలతో తడి ఇసుకని గీస్తున్నారు. తుపాను తర్వాత ఉప్పాడలో ఇది మామూలే. సముద్రం మింగిన ఇళ్ళలోంచి, గుళ్ళలోంచి బంగారపు రవ్వలు కొట్టుకొస్తాయని వెతుకుతారు. ఒక ముసలావిడ అరచేతిలో బియ్యపుగింజలో సగం ఉన్న ముక్కని చూపించింది. ముక్కుపుడక సీల కావచ్చు.

పిల్ల చాలాసేపు చూసి, "తాతమ్మ వాళ్ళ ఇల్లు ఎటు మావయ్యా?" అంది. నేను నీళ్ళ వైపు చెయ్యి చూపించాను. అక్కడే తనకి గుబులు బెంగగా మారిందనుకుంటాను. ఎవరి మీద అంటే చెప్పగలదు ఇప్పుడు.

అయితే అక్కడ మాకు చిన్న వాదన కూడా అయింది. పిల్ల అంతా క్లైమేట్ చేంజ్ అంది. సముద్రమట్టం పెరుగుతున్న మాట నిజం. కానీ గోదావరి మీద ఆనకట్టలూ జలాశయాలూ పెరిగాక డెల్టాకి చేరే ఒండ్రు తగ్గిపోయింది. నది తెచ్చి పోసేది లేకపోతే సముద్రం కోసుకుపోతుంది. తీరం వెంట ఇసుక తన దారిన తాను కదులుతుంటే, రేవుల కోసం సముద్రంలోకి కట్టిన గోడలు దానికి అడ్డం. ఇవి కార్బన్ డయాక్సైడ్ చేసిన పనులు కావు. ఫలానా ఏడు, ఫలానా శాఖ, ఫలానా సంతకంతో జరిగినవి. అన్నిటికీ క్లైమేట్ అన్న ఒకే దుప్పటి కప్పేస్తే దాని కింద చాలామంది హాయిగా పడుకుంటారు. వరదొచ్చినా, ఎండొచ్చినా 'ప్రకృతి వైపరీత్యం' అనేసే మంత్రిగారికి ఇంతకంటే ఏం కావాలి? చెరువులో కాలనీ కట్టినవాడూ క్లైమేట్ చేంజ్ అనే అంటాడు.

భయం అంటూ పెద్దగా ప్రకటించకుండా పోరాడినవాళ్ళు మన దగ్గర లేకపోలేదు. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల. బీల అంటే చిత్తడి నేల, నీళ్ళు, చేపలు, గడ్డి, దాని మీద బతికే ఊళ్ళు. అక్కడ బొగ్గు థర్మల్ ప్లాంటు కడతామంటే రైతులూ మత్స్యకారులూ అడ్డుపడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. ఆ ఒక్క ప్లాంటు రాకపోవడం వల్ల గాల్లో కలవని పొగ ఎంతో లెక్కగడితే, మన క్లైమేట్ కార్యకర్తల్లో చాలామంది జీవితకాలంలో చెయ్యలేనిది వాళ్ళు చేశారు. వాళ్ళలో ఎవరూ యాంగ్జయిటీ అనలేదు. బీల పోతుందన్నారు. అంతే.

అలాగని ఈ తరం వట్టి హడావుడి అనేస్తే అదీ అన్యాయం. 2020లో కరోనా లాక్‌డౌన్‌లో కేంద్రం పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనలు మార్చే ముసాయిదా తెచ్చింది. ప్రజాభిప్రాయానికి ఇచ్చే గడువు 30 రోజుల నుంచి 20కి తగ్గించడం దాంట్లో ఒకటి. ఆ మే 7నే విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది పోయారు. పాఠాలూ పరీక్షలూ పక్కనపెట్టి ఆ ముసాయిదా చదివింది, లక్షల్లో ఈమెయిళ్ళు పంపించింది ఎక్కువగా కాలేజీ పిల్లలే. ఇంగ్లీషు, హిందీల్లోనే ఉన్న దాన్ని రాజ్యాంగంలోని 22 భాషల్లోకి తెమ్మని ఆ జూన్ 30న ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆ జులైలోనే పిల్లలు నడిపే రెండు మూడు వెబ్‌సైట్లని మూసేశారు కూడా. ఒకదానికి ఉగ్రవాద చట్టం కింద నోటీసిచ్చి, తర్వాత పొరపాటైందని వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బెంగళూరులో దిశా రవి అనే ఇరవైరెండేళ్ళ అమ్మాయిని, రైతుల ఉద్యమానికి మద్దతుగా ఆన్‌లైన్లో ఒక పత్రం పంచిందన్న టూల్‌కిట్ కేసులో అరెస్టు చేశారు. పది రోజులకి బెయిలొచ్చింది.

కాబట్టి మన పిల్లలకి రెండు భయాలు. భూమి ఏమవుతుందో అన్నది ఒకటి, కేసు పెడతారేమో అన్నది రెండోది. లాన్సెట్ వాళ్ళు రెండోది అడిగినట్టు లేదు. తెలుగు ఇళ్ళలో దీనికి ఇంకో మెలిక, వీసా. కంచ గచ్చిబౌలి రోజుల్లో మా అక్క కాకినాడ నుంచి గంటకోసారి ఫోను. "ఎఫ్ఐఆర్‌లో పేరెక్కితే పాస్‌పోర్టు వెరిఫికేషన్ ఏమవుద్దిరా? అమెరికా అంటే ఎవడు స్టాంపు వేస్తాడు?" అక్కది తప్పని అనలేను. పొలం అమ్మి చదివిస్తోంది. ఆ విద్యార్థుల మీద కేసులు ఎత్తెయ్యమని తర్వాత ప్రభుత్వమే చెప్పింది కానీ, ఆ వారం ఎంతమంది పిల్లలు గేటు దాకా వచ్చి అమ్మ ఫోనొచ్చి వెనక్కి తిరిగారో ఎవరు లెక్కపెట్టారు? పైగా ఆ అమెరికా ఏం చల్లగా ఉందని. 'ల్లో' దగ్గరే ఆగిపోయిన పిల్లలంతా పిరికివాళ్ళు కారు. వాళ్ళ వెనక ఒక ఇల్లు, ఇంటి వెనక ఒక అప్పు ఉన్నాయి.

అందుకే నేను పిల్లలకి ధైర్యం నూరిపొయ్యమని అడగను. ఆశ గురించి ఉపన్యాసాలూ వద్దు. ఆశ అని మనం వాళ్ళకి చూపిస్తున్నది చాలాసార్లు దింపుడు కళ్ళం ఆశే. చెవిలో మూడుసార్లు పిలిచి మళ్ళీ భుజానికెత్తుకోవడమే. పెద్దవాళ్ళ దగ్గర అంతకంటే పనికొచ్చేవి ఉన్నాయి. ఏ ఆఫీసులో ఏ కాయితం ఉంటుందో మనకి తెలుసు. ప్రజాభిప్రాయ సేకరణ సభలో షామియానా ముందు వరసల్లో ఎవరిని కూర్చోబెడతారో, మినిట్స్‌లో ఏం రాయరో తెలుసు. పర్యావరణ నివేదిక వందల పేజీలూ ఇంగ్లీషులో ఉంటుందని, తెలుగులో సారాంశం మాత్రమే ఇస్తారని తెలుసు. పిల్లలకి ఇంగ్లీషు వచ్చు, ఊరివాళ్ళకి ఊరు తెలుసు. మధ్యలో కూర్చుని అటుదిటు ఇటుదటు చెప్పే మనుషులే కరువు. పసిఫిక్ ద్వీపాల్లో ఇదే చేశారు. 2019లో వనువాటు అనే దీవిదేశంలో లా చదివే 27 మంది విద్యార్థులు క్లాసులో పుట్టిన ఆలోచనని పట్టుకుని ప్రభుత్వాల చుట్టూ తిరిగారు. 2025 జులై 23న హేగ్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం, వాతావరణాన్ని కాపాడడం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అని అభిప్రాయం చెప్పేదాకా వచ్చింది. వాళ్ళ దీవులు మునుగుతున్నాయి, భయం లేదని ఎవరంటారు? కానీ ఆ భయం పోవాల్సిన అడ్రసుకి పోయింది.

ఉప్పాడ నుంచి వచ్చాక మా పిల్ల ఓ సమాచార హక్కు దరఖాస్తు రాసింది. తీరరక్షణ గోడకి ఇప్పటిదాకా ఎంత ఖర్చుపెట్టారు, ఏ అధ్యయనం చూసి కట్టారు, ఆ అధ్యయనం నకలు కావాలి అని. తెలుగులోనే రాయాలని పట్టు. రాసి నాకు దిద్దమని ఇచ్చింది. పాత అలవాటు, ఎర్ర పెన్ను తీశాను. 'అవక్షేపాల రవాణా తగ్గుట' అని ఒక చోట.

"ఇదేంటే?"

"సెడిమెంట్ మావయ్యా. గూగుల్‌లో అలాగే వచ్చింది."

"ఒండ్రు అనవే. మీ తాతమ్మ అదే అనేది."

కొట్టేసి 'ఒండ్రు' అని రాసుకుంది. ఇంకో చోట 'గ్రామ ప్రజలలో ఆందోళన నెలకొని ఉన్నది' అని ఉంది. అక్కడ నా పెన్ను కాసేపు ఆగింది. తప్పేమీ లేదు, వదిలేశాను.

చందానగర్ పోస్టాఫీసులో పది రూపాయల పోస్టల్ ఆర్డరు కోసం రెండుసార్లు తిరిగాం. మొదటిసారి అయిపోయాయన్నారు. స్పీడ్ పోస్టు చేసి రసీదు ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించింది, పక్కనే చిన్న క్యాలెండరు. జవాబివ్వడానికి వాళ్ళకి 30 రోజులు. రోజూ రాత్రి పడుకోబోయే ముందు ఒక గడి కొట్టేస్తోంది. ఇవాళ్టికి పద్దెనిమిదోది.